నీలం రంగు అత్తయ్య

ఆ పత్రికాఫీసులో అందరూ రంగులక్క అని పిలిచే ఆవిడకి అసలు పేరొకటి ఉందని జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. ఈమధ్య ఆయన కూడా మర్చిపోయాడని చెప్పుకుంటున్నారు. నెలకోసారి వచ్చే ఇంటిల్లిపాది పత్రికలో పేజీలు కట్టడం ఆవిడ పని. రాసేవాళ్లు రాసి పడేస్తారు, ఫోటోలు తీసేవాళ్లు తీసి పడేస్తారు. ఆ రెండింటికీ సంబంధం కుదిర్చి, ఒకే పేజీలో కొట్టుకోకుండా కాపురం చేయించేది రంగులక్కే.

అందులోనూ ఫోటోల రంగులు మార్చడమంటే ఆవిడకి ప్రాణం. మామూలు ఆకాశాన్ని వంకాయరంగులో ముంచి తీస్తుంది. వీధి మొత్తాన్ని బూడిద చేసేసి, ఒక్క గొడుగుని మాత్రం ఎర్రగా వదిలేస్తుంది. ఓసారి సరదాకి టమాటాలకి నీలం రంగు వేసి చూస్తుంటే, వెనకనించి వంటల పేజీ రాసే ఆవిడ చూసింది. ఆ తర్వాత చాన్నాళ్లు ఆవిడ ఇంట్లో టమాటా అన్న మాట వినపడలేదట.

ఎన్ని వేషాలు వేసినా, ఏ కొత్త ఎఫెక్టుకైనా మొదటి ప్రయోగం జరిగేది ఒకే ఒక్క మొహం మీద. అది వాళ్ల అత్తగారి మొహం.

పొద్దున్న ఆకుపచ్చ అత్తయ్య, టీ వేళకి ఊదారంగు అత్తయ్య, సాయంత్రానికి సగం పసుపు, సగం నలుపు. కొత్తగా చేరినవాళ్లు మొదటిరోజు ఉలిక్కిపడి "ఎవరండీ ఈవిడ?" అని అడుగుతారు. నెల తిరిగేసరికి ఆ మొహం వాళ్లకి గోడ గడియారంతో సమానం. ఉందని తెలుసు, తలెత్తి చూడరు.

ప్రింటింగు మెషిను నడిపే మెషిన్ మామ మాత్రం ఊరుకునేవాడు కాదు. "అత్తగారి మీద కసి తీర్చుకోడానికి ఇంత మంచి దారి నాకు తెలిస్తే, మా ఆవిడకి చెప్పేవాణ్ణమ్మా. మా అమ్మ మీద పళ్లు నూరి నూరి పాపం దానికి దవడ నొప్పి."

రంగులక్క నవ్వేసేది. అది కసి కాదని, ఆ మొహమే తనకి అన్నం పెడుతోందని ఎవరికీ చెప్పలేదు. దాని వెనక ఒక ఒట్టు ఉంది మరి.

రంగులక్క ఆ ఆఫీసులో చేరిన కొత్తలో ఆవిడ కట్టిన పేజీలు చూసి ఎడిటరుకి తలనొప్పి వచ్చేది. ఆ ఎడిటరుకి తెల్లకాగితం అని పేరు. పేజీలో అక్షరాలకన్నా ఖాళీ ఎక్కువుంటేనే ఆయనకి నిద్రపడుతుంది. రంగులక్క చేతిలో పడిన మొహాలేమో ఉడకబెట్టినట్టో, సున్నం కొట్టినట్టో తయారయ్యేవి. పక్క సీటు పెద్దాయన జాలిపడి, "సినిమావాళ్ల ఫోటోల మీద నేర్చుకోకమ్మా. వాటిని ముందే గీకి నున్నగా చేసేసి ఉంటారు. బాగా నలుపూ బాగా తెలుపూ రెండూ ఉన్న మొహం ఒకటి పట్టుకో. దాని మీద కుదిరిన రంగు ఇంక ఎక్కడైనా కుదురుతుంది" అని చెప్పాడు. ఈసారి కుదరకపోతే ఇంటికి వెళ్లిపోవాల్సి ఉంటుందని ఎడిటరు అప్పటికే మెత్తగా చెప్పి ఉన్నాడు.

రంగులక్క ఇంటికొచ్చి మొగుణ్ణి కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఫోటో తీసింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఇరుక్కున్నవాళ్లని బయటికి లాగడం ఆయన ఉద్యోగం, తల్లికీ పెళ్లానికీ మధ్య ఇరుక్కోవడం ఆయన సంసారం. ఆ మొహంలో నలుపూ లేదు, తెలుపూ లేదు. ఒకటే చామనఛాయ, ఈ చెవి నించి ఆ చెవి దాకా. కూతురేమో క్షణం కుదురుగా కూర్చోదు. రంగులక్క కెమెరా పక్కన పడేసి మోకాళ్లలో తల పెట్టుకుంది.

అప్పుడు అత్తగారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

ఆవిడకి ఒంటి మీద తెల్లమచ్చలు. కొడుకు పెళ్లికి ముందు గడ్డం కింద చిన్నగా మొదలై, తర్వాత బుగ్గల మీదికి, కళ్ల చుట్టూకి పాకాయి. నొప్పి లేదు, ఎవరికీ అంటుకోదు, దిగులు పడక్కర్లేదని డాక్టరు చెప్పాడు. కానీ వీధిలో జనం డాక్టర్లు కాదుగా. అప్పట్నించి ఎండ మండిపోతున్నా శాలువా కళ్లదాకా లాక్కోకుండా ఆవిడ గడప దాటలేదు. ఫోటో అంటే ఆమడ దూరం. సొంత కొడుకు పెళ్లిలో కూడా అందరికన్నా పొడుగ్గా ఉండే మరిది వెనక్కి వెళ్లి దాక్కుంది. పెళ్లి ఫోటోలో ఇంటిల్లిపాదీ వరసగా నిలబడి ఉంటారు, మధ్యలో తాటిచెట్టులా పొడుగు బాబాయి, ఆయన పక్కనించి తొంగిచూస్తూ ఒక మోచెయ్యి. ఆ మోచెయ్యే పెళ్లికొడుకు తల్లి.

అలాంటి మనిషి వచ్చి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, శాలువా తీసి ఒళ్లో పెట్టుకుంది.

"తియ్యి," అంది.

"అత్తయ్యా!"

"ఏం, పనికిరాదా? నలుపు కావాలన్నావ్, తెలుపు కావాలన్నావ్. రెండూ ఒకే మొహంలో ఉన్నదాన్ని ఈ వీధి మొత్తానికి నేనొక్కదాన్నే. పక్క వీధిలో కూడా లేరు, వాకబు చేశాను."

"మీకు ఇష్టం ఉండదు కదా..."

"ఇష్టం లేదు. కానీ నువ్వు ఏడుస్తూ వండితే కూరలో ఉప్పెక్కువవుతోంది. తియ్యి తొందరగా, పొయ్యి మీద పాలున్నాయి." తీసేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుని, తీశాక మళ్లీ అంది. "ఒక్క మాట. ఇది నీ కంప్యూటర్‌లోనే ఉండాలి. కాగితం మీదకి రాకూడదు. ఆఫీసువాళ్లు చూస్తే చూడనీ, వాళ్లు మన వీధివాళ్లు కాదు. కాగితం మీదకి మాత్రం వద్దమ్మాయ్."

"ఒట్టు అత్తయ్యా," అంది రంగులక్క.

ఆ మొహమే ఆవిడకి గురువైంది. రంగు మరీ గట్టిగా వేస్తే మచ్చా చర్మమూ కలిసిపోయి మొహం గోడలా అయ్యేది. మరీ పల్చగా వేస్తే మచ్చ ఒక్కటే అరిచేది. మచ్చ అంచు కనపడుతూ ఉండాలి, కళ్లూ కనపడాలి, ఎవరూ ఎవర్నీ తోసెయ్యకూడదు. ఆ సంగతి చేతికి అలవాటయ్యాక రంగులక్క పేజీలు చూసి ఎడిటరు తన ఖాళీల్లోంచి కొంచెం ఖాళీ తీసి ఆవిడ ఫోటోలకి ఇవ్వడం మొదలుపెట్టాడు. అంతకన్నా పెద్ద బిరుదు ఆ ఆఫీసులో లేదు. ఇంట్లో పిల్లని బడికి పంపడం దగ్గర్నించి కొడుకు సణుగుడుకి సమాధానం చెప్పడం దాకా అత్తగారే చూసుకునేది. "దానికి పనుంది, నీ చొక్కా నువ్వు వెతుక్కోరా, లిఫ్టులో మనుషుల్ని వెతుకుతావుగా" అనేది.

ఇలా ఏళ్లు గడిచాక ఆ నర్సమ్మ పేజీ వచ్చింది.

ప్రసూతి ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పురుళ్లు పోసి రిటైరైన నర్సమ్మ. సగం ఊరు ఆవిడ చేతుల్లోనే మొదటి కేక పెట్టిందని రాసినాయన రాశాడు. ఫోటో మాత్రం రాలేదు. అందాకా ఫోటో చోటు ఖాళీగా ఉండకూడదని రంగులక్క అలవాటు ప్రకారం అత్తయ్యని కూర్చోబెట్టి, రెండు రంగుల ఎఫెక్టు పెట్టి చూసింది. అంటే ఫోటోలో నల్లగా ఉన్నచోట ఒక రంగు, తెల్లగా ఉన్నచోట ఇంకో రంగు. నీడలకి ముదురు నీలం, వెలుగుకి లేత పసుపు. అబ్బ, ఎంత బాగా కుదిరిందంటే, ఆ పేజీ చూసి కంప్యూటరే గర్వపడిందంటే నమ్మాలి.

తర్వాత నర్సమ్మ ఫోటో వచ్చింది. దానికీ అవే రంగులు వేసి సిద్ధంగా పెట్టుకుంది. పేజీలోది మార్చబోతుంటే ఎడిటరు పిలిచాడు, శీర్షిక పెద్దదైపోయింది, నాకు ఊపిరాడ్డంలేదు అని. వెళ్లి శీర్షిక చిన్నది చేసింది. తిరిగొచ్చి, మార్చేశాననే అనుకుంది.

పేజీ ప్రూఫు ఆఫీసంతా తిరిగింది. ప్రూఫులు దిద్దే కామా మాస్టారు కామాలు దిద్దాడు. ఎడిటరు ఖాళీలు చూసుకుని సంతోషపడ్డాడు. మెషిన్ మామ నీలం చిక్కగా దిగిందా లేదా అని భూతద్దం పెట్టి మరీ చూశాడు. ముక్కూ కళ్లూ చూడ్డం ఎవరి పనీ కాదు. పైగా ఆ మొహం వాళ్లందరికీ పరాయి మొహం కాదు. ఇంట్లో కుర్చీని చూసి ఎవరైనా "ఇదెవరు?" అంటారా? వేరే ఏ ఆఫీసులోనైనా పట్టేసుకునేవాళ్లు. అక్కడ కాబట్టి అందరి కళ్లముందునించీ అత్తయ్య దర్జాగా నడుచుకుంటూ అచ్చుకి వెళ్లిపోయింది.

అచ్చైన కట్ట విప్పి, ఇంకు వాసన పీల్చుకుంటూ పేజీ తిప్పిన రంగులక్కకి కాళ్ల కింద నేల జారిపోయింది. పేజీలో సగం మేర అత్తగారు. కింద నర్సమ్మ పేరు.

అప్పటికే పత్రికలు లారీలెక్కి వెళ్లిపోయాయి. రంగులక్క పరుగెత్తి ఎడిటరుకి తనే చెప్పింది. ఆఫీసులో పెద్ద రభస. "నేను అక్షరాలకే బాధ్యుణ్ణి" అన్నాడు కామా మాస్టారు. "నేను ఇంకుకే" అన్నాడు మెషిన్ మామ. ఎడిటరు పేరుకి తగ్గట్టే తెల్లగా అయిపోయి, "వచ్చే నెల నర్సమ్మ పేజీ సరిగ్గా మళ్లీ వేద్దాం. ఈలోగా మీరే వెళ్లి ఆవిడతో మాట్లాడండి" అన్నాడు.

నర్సమ్మ సంగతి తర్వాత. రంగులక్క గుండెల్లో రాయి వేరే ఉంది. కాగితం మీదకి రానివ్వనని ఒట్టు వేసింది. ఇన్నేళ్లు శాలువా చాటున దాచుకున్న మొహాన్ని ఒక్కరోజులో ఊరంతా పంచిపెట్టింది. తనకి బతుకు ఇచ్చిన మనిషికి తను చేసిన మర్యాద ఇదీ! అత్తయ్య మళ్లీ తనని నమ్ముతుందా?

ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రతి నెలా మొదటి పత్రిక అత్తగారికే. అందులో గళ్ల నుడికట్టు పెన్సిలు నమిలి నమిలి పూర్తిచేసి, జవాబులు తప్పు అచ్చేశారని కోడలితో పోట్లాడ్డం ఆవిడకి అలవాటు.

"పుస్తకం ఏదమ్మాయ్?"

"రాలేదత్తయ్యా. కాగితం లారీ బోల్తా పడింది."

"అయ్యయ్యో! డ్రైవరుకేం కాలేదుగా?"

"కాలు విరిగిందిట."

మర్నాడు మళ్లీ. "ఆ లారీ డ్రైవరు ఎలా ఉన్నాడమ్మా?"

"కట్టు కట్టారత్తయ్యా. కుడికాలికి."

ఆ మర్నాడు ఆవిడ పాపం డ్రైవరుకి పిల్లలెంతమంది, వాళ్లని ఎవరు చూస్తున్నారు అని అడిగింది. రంగులక్క ఆ డ్రైవరుకి భార్యనీ, కవలపిల్లల్నీ, ఒక గయ్యాళి వదినగారినీ పుట్టించాల్సొచ్చింది.

ఇంకోపక్క ఆఫీసునించి వస్తూ దారిలో పత్రికలు ఏరడం మొదలుపెట్టింది. మంగలి షాపులో ఒకటి అడిగి తెచ్చుకుంది. పళ్ల డాక్టరు గదిలో పన్ను నొప్పని అబద్ధమాడి ఒకటి సంచిలో వేసుకుంది. ఆయన నమ్మి నోరు తెరవమన్నాడు, ఉన్న పన్ను పోకుండా బయటపడేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి వీధి మొదట్లో టైలరమ్మ దగ్గరికెళ్లి, "అక్కా, ఈ నెల పుస్తకం ఉందా, ఓసారి ఇస్తావా?" అంది.

టైలరమ్మ మిషను తొక్కడం ఆపి వింతగా చూసింది. "అదేంటమ్మా, వచ్చిన రోజే మీ అత్తగారు పట్టుకెళ్లారుగా! ఎంత బాగా పడ్డారో! రవిక కొలతలివ్వడానికొచ్చి, అది చూసి కుర్చీలో అలా కూలబడిపోయారు. నేను మంచినీళ్లిచ్చాను. మీకు చెప్పలేదా?"

రంగులక్క ఇంటికి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు.

అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని ఉంది. అదే కుర్చీ. శాలువా కొక్కేనికి వేలాడుతోంది. ఒళ్లో పత్రిక, నుడికట్టు గళ్లన్నీ నిండిపోయి ఉన్నాయి.

"లారీ డ్రైవరు ఎలా ఉన్నాడు?" అంది తలెత్తకుండా.

"అత్తయ్యా..."

"మొన్న కుడికాలన్నావ్, నిన్న ఎడమకాలన్నావ్. ఇవాళ రెండూ విరిచేస్తావేమోనని భయపడి చస్తున్నాను. పిల్లలుగలవాడు, వదిలెయ్యవే."

రంగులక్క ఆవిడ కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చేసింది. "తప్పయిపోయిందత్తయ్యా. ఒట్టు వేసి కూడా... కావాలని చెయ్యలేదు. మీరేమన్నా పడతాను."

"అందామనే అనుకున్నాను. ఆ రోజు శాలువా కప్పుకుని ఇంటికొచ్చి, తలుపేసుకుని, నిన్ను తిట్టడానికి మాటలన్నీ పోగేసుకున్నాను. మంచి మంచివి దొరికాయి, ఇప్పుడు గుర్తు రావట్లేదు." పేజీ మీద చెయ్యి వేసింది. "ఇది ముందు పెట్టుకుని మచ్చలు ఎంతలా కనపడుతున్నాయా అని వెతుకుతూ కూర్చున్నానమ్మాయ్. ఎంత వెతికినా ముందు కళ్లు అడ్డమొస్తున్నాయి. ఇవి మా అమ్మ కళ్లు, తెలుసా? అద్దంలో మచ్చలు చూసుకోవడమే సరిపోయింది నాకు, కళ్లు చూసుకుని ఎన్నాళ్లయిందో." పేజీని కొంచెం దూరంగా పట్టుకుని, "నీలంలో కొంచెం పొగరుగా ఉన్నాను. బానే ఉంది," అంది.

"మరి ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదత్తయ్యా?"

"నువ్వెప్పుడు చెప్తావా అని చూశాను. కోపం అచ్చేసినందుకు కాదు, దాచినందుకు. నేను దాచుకుని బాగుపడ్డది చూశావా, నువ్వు కూడా మొదలుపెట్టావ్?"

రంగులక్క కళ్లు తుడుచుకుంది.

"ఇంకోటి విను," అంది అత్తగారు గొంతు తగ్గించి. "నిన్న శాలువా లేకుండా వెళ్లాను టైలరమ్మ దగ్గరికి. దారిలో ఎవత్తో పట్టుకుని, 'అమ్మా, మా పిల్ల మీ చేతుల్లోనే పుట్టింది' అని నా రెండు చేతులూ కళ్లకద్దుకుంది!"

"మీరేమన్నారు?"

"ఏమంటాను? 'తల్లీపిల్లా బాగున్నారా' అన్నాను." చెప్పి, మొహం తిప్పుకుంది. "అప్పుడేసింది సిగ్గు. మచ్చలకి కాదు. ఆవిడ చేసిన కష్టానికి నాకు దణ్ణం పెట్టారని. లే, మొహం కడుక్కో. ఆ నర్సమ్మ దగ్గరికెళ్దాం."

నర్సమ్మ మూడో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు పనిచెయ్యట్లేదు. "మా వాడికి చెప్పాలి" అని ఆయాసపడుతూ అత్తగారు మెట్లెక్కింది. తలుపు తీసిన నర్సమ్మ గొంతు ఆసుపత్రి వార్డు ఈ చివరనించి ఆ చివరికి వినపడేంత పెద్దది. ఆవిడ అత్తగారి మొహం చూసి, పకపకా నవ్వింది.

"రండి రండి! నాకు ఇంత పెద్ద కళ్లు ఎప్పుడొచ్చాయా అని నెల మొదట్నించీ ఆలోచిస్తున్నాను!"

రంగులక్క జరిగిందంతా దాచకుండా చెప్పి క్షమించమంది. నర్సమ్మ చెయ్యి ఊపేసింది. "ఆ ఫోటోలో ఉన్నది నేను కాదని ఒక్కరు కూడా పోల్చుకోలేదమ్మా, అదీ తమాషా. పిల్లలేమో అప్పుడే పుట్టారు, వాళ్లకేం తెలుస్తుంది? తల్లులకి ఆ టైములో నన్ను తిట్టడమే సరిపోతుంది, మొహం ఎక్కడ చూస్తారు?" తర్వాత అత్తగారి బుగ్గ మీది మచ్చని, కొలిచే చూపుతో, జ్వరం చూసినంత మామూలుగా చూసింది. "ఎండ తగలకుండా చూసుకోండి, అంతే. అయినా వచ్చే నెల నాక్కూడా అదే నీలం వెయ్యండమ్మా. ఈవిడకే ఇంత బాగుంటే నాకెంత బాగుండాలి!"

"అందరికీ కుదరదు లెండి," అంది అత్తగారు. "నాలాగా నలుపూ తెలుపూ రెండూ ఉండాలి."

ఇద్దరూ టీ తాగుతూ లోకంలోని కోడళ్లందరి గురించీ చెప్పుకున్నారు. అక్కడున్న కోడలికి మాత్రం కప్పు ఖాళీ అయినా ఎవరూ మళ్లీ పొయ్యలేదు.

తర్వాతి నెల నర్సమ్మ నీలంలో పడింది. నిజం చెప్పాలంటే బాగానే కుదిరింది. మొదటి పత్రిక అత్తగారి చేతికే వచ్చింది. ఆవిడ దాన్ని చూసి, లోపలికెళ్లి పెట్టె అడుగునించి పెళ్లి ఫోటో తెచ్చి కోడలి ముందు పెట్టింది.

"ఈ మోచేతికి నా మొహం అతికించగలవా?"

రంగులక్క ఆ ఫోటోని ఆఫీసుకి తీసుకెళ్లింది. వయసు మీదపడి ఆ ఫోటో ఎర్రబడిపోయి ఉంది, నలుపంతా గోధుమరంగుకి దిగిపోయింది. కిటికీ దగ్గరి అత్తయ్య మొహాన్నీ ఆ పాతరంగులోకి ముంచాలి, లేకపోతే పెళ్లిలోకి ఎవరో నిన్న వచ్చి దూరినట్టుంటుంది. ఎరుపు పెంచింది, నీలం తగ్గించింది, నీడలు మెత్తబరిచింది. ఆఫీసంతా చుట్టూ మూగి తలో సలహా ఇచ్చారు. ఈసారి అందరూ మొహమే చూశారు. "ఆ పొడుగాయన్ని కొంచెం జరుపమ్మా, అడ్డంగా ఉన్నాడు" అన్నాడు మెషిన్ మామ. రంగులక్క పొడుగు బాబాయిని పట్టుకుని వరస చివరికి జరిపింది. ఆయనతోపాటు ఆయన నీడని కూడా జరిపింది.

ఒక్కచోట మాత్రం చెయ్యి ఆగింది. అత్తగారికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, పెళ్లినాటికి గడ్డం కింద ఒక్కటే కదా ఉండేది? బుగ్గల మీదవి తీసెయ్యనా?"

అవతల పొయ్యి కట్టేసిన చప్పుడైంది.

"వద్దు. ఉండనీ," అంది అత్తగారు. "నీకు ఉద్యోగం నేర్పింది అవే కదా. వాటిని మాత్రం పెళ్లికి ఎందుకు పిలవకూడదు?"

రంగులక్క ఫోన్ పెట్టేసి స్క్రీను మీది మొహం వైపు చూసింది. అన్నాళ్లూ ఆకుపచ్చా ఊదా చేసి, తలకిందులు చేసి చూసిన మొహమే. కంప్యూటర్ని అడ్డం పెట్టుకుని, ఎవరూ చూడకుండా దానికి ఓ దణ్ణం పెట్టుకుంది. మెషిన్ మామ చూశాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఈసారి భూతద్దం తుడుచుకుంటూ మెషిను వైపు వెళ్లిపోయాడు.

ఇప్పుడా ఫోటో వాళ్ల ఇంట్లో, తలుపు తియ్యగానే కనపడేచోట ఉంది. మొన్న పొడుగు బాబాయి వచ్చి దాని ముందు కళ్లద్దాలు తుడుచుకుని తుడుచుకుని చూశాడు.

"వదినా, నేను మధ్యలో కదా నిలబడ్డాను?"

"నీకు మతిమరుపొచ్చింది అబ్బాయ్," అంది అత్తగారు. "నువ్వెప్పుడూ చివరే నిలబడ్డావ్. టీ చల్లారిపోతోంది, తాగు."